బాప్తిస్మం లేని బిడ్డ

1891 మే నెలలో లండన్ నుంచి వెలువడే ‘ఫోర్ట్‌నైట్లీ రివ్యూ’ పత్రికలో ఒక చిన్న రచన అచ్చయింది. దాని పేరు ‘అర్ధరాత్రి బాప్తిస్మం’. పేరు కింద, ఇది క్రైస్తవం గురించి ఒక పరిశీలన అని మరొక పంక్తి. రచయిత థామస్ హార్డీ. పెళ్ళికాకుండా తల్లి అయిన ఒక పల్లెటూరి కూలిపిల్ల, చావు ముంచుకొస్తున్న తన పసిగుడ్డుకు, పాదిరి రాకపోవడం చేత, తన చేతులతో తానే బాప్తిస్మం ఇచ్చుకోవడం. అందులో విషయమంతా ఇంతే. అది ఒక పెద్ద నవలనుంచి కోసి తీసిన ముక్క. రెండు నెలలు తిరిగాక, జూలైలో, ‘గ్రాఫిక్’ అనే వారపత్రికలో ‘టెస్’ నవల సీరియల్‌గా మొదలయింది. ఆ సీరియల్‌లో ఈ బిడ్డ లేడు.

ఎందుకు లేడో అందరికీ తెలిసిన కథే. ఇంటిల్లిపాదీ కూచుని చదువుకునే పత్రికలకు మర్యాద ముఖ్యం. అంతకుముందు 1889లో ఒక ప్రచురణ సంస్థ ఒప్పందం చేసుకొని కూడా, మొదటి భాగం చూసి వెనక్కు తగ్గింది. ఆ తర్వాత రెండు పత్రికలు కాదన్నాయి. ‘గ్రాఫిక్’ కోసం హార్డీ తన నవలను తానే ముక్కలు చేసుకున్నాడు. ఆడపిల్లను చెరిచిన చోట ఒక దొంగపెళ్ళి కల్పించాడు. వాననీళ్ళు నిండిన దారిని కథానాయకుడు పాలుపితికే పిల్లల్ని చేతులతో ఎత్తుకొని దాటించే ఘట్టంలో, చేతులకు బదులు ఒంటిచక్రపు తోపుడుబండి పెట్టాడు. దీన్ని చెప్పి నవ్వుకోవడం హార్డీమీద రాసేవాళ్ళకు మామూలే. మనం ఆగి చూడవలసింది మరొకటి ఉంది. చెరిచిన ఘట్టంతోపాటు బాప్తిస్మం ఘట్టం కూడా సభ్య కుటుంబాల కళ్ళబడకుండా పోవలసివచ్చింది. కూలిపిల్ల చెడిపోవడం ఎంత అసభ్యమో, ఆ కూలిపిల్ల పాదిరి పని చేయడం కూడా అంత అసభ్యమే అయింది. 1891 ఆఖరులో నవల మూడు సంపుటాలుగా వచ్చినప్పుడు హార్డీ ఆ అధ్యాయాన్ని మళ్ళీ దాని స్థానంలో కుట్టాడు.

హార్డీని క్రైస్తవ రచయిత అనడానికి వీల్లేదని కొందరంటారు. నిజమే, అతడు విశ్వాసం పోగొట్టుకున్నవాడు. కాని డార్సెట్ జిల్లాలో తాపీమేస్త్రీ కొడుకుగా 1840లో పుట్టి, చర్చిలో ఫిడేలు వాయించే కుటుంబంలో పెరిగి, ప్రార్థనా గ్రంథం నోటికి వచ్చినవాడు. డార్చెస్టర్‌లో వాస్తుశిల్పి దగ్గర పని నేర్చుకునే రోజుల్లో తోటి శిష్యుడొకడు బాప్టిస్టు శాఖలో చేరి, పసిపిల్లలకు నీళ్ళు చల్లడం బాప్తిస్మమే కాదని, ఊహ తెలిసినవాడు తానై కోరుకుంటేనే అది చెల్లుతుందని హార్డీతో రోజూ వాదించేవాడు. ఆ వాదానికి జవాబు చెప్పడానికి హార్డీ గ్రీకు బైబిలు ముందేసుకుని కూచున్నాడు. అంటే, టెస్ తన బిడ్డమీద నీళ్ళు పోయడానికి ముప్ఫయి ఏళ్ళ ముందే ఆ నీళ్ళ గురించిన తగవు హార్డీ బుర్రలో ఉంది. నమ్మకం పోయినా, నమ్మేవాళ్ళ భాష పోలేదు. క్రైస్తవ సమాజాన్ని లోపలినుంచి చూపించడానికి అంతకన్న తగినవాడు దొరకడు.

ఇక ఆ నీళ్ళకు ఇంగ్లండులో ఉన్న విలువ ఏమిటో తెలియకపోతే నవలలోని ఘట్టం మనకు ఉత్త కన్నీటి ఘట్టంగానే మిగిలిపోతుంది. బాప్తిస్మం లేకుండా చనిపోయిన పసిబిడ్డలు నరకానికే పోతారని, అయితే అక్కడ వాళ్ళకు పడే శిక్ష అన్నిటికన్న తేలికైనదని అయిదో శతాబ్దంలో అగస్టీన్ వాదించాడు. అందులో క్రూరత్వం మింగుడుపడక మధ్యయుగాల పండితులు పిల్లలకోసం నరకం అంచున బాధలేని ఒక చోటు కల్పించారు. ఆ పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి ఆధారాలున్నాయని రోము చర్చికి చెందిన వేదాంత సంఘం పత్రం ప్రకటించేసరికి 2007 వచ్చింది. ఇంగ్లండు చర్చి రోముతో తెగతెంపులు చేసుకున్నది గాని, ఈ భయాన్ని వదులుకోలేదు. 1662 నాటి ప్రార్థనా గ్రంథంలో సమాధి కార్యక్రమానికి ముందు ఒక సూచన ఉంది. బాప్తిస్మం లేకుండా చనిపోయినవాళ్ళకు, చర్చి వెలివేసినవాళ్ళకు, ఆత్మహత్య చేసుకున్నవాళ్ళకు ఈ ప్రార్థన చదవకూడదు. రోజుల బిడ్డా, వెలిపడ్డవాడూ, ఉరిపోసుకున్నవాడూ ఒకే వాక్యంలో ఉన్నారు. ఊళ్ళో ఉన్న సమాధుల దొడ్డి ఒకటే, అది చర్చిది. కాబట్టి ఈ ఒక్క వాక్యం పల్లెటూరి బీదవాడి చావుమీద అధికారమయింది.

మరి పాదిరి అందుబాటులో లేకపోతే? ప్రాణంమీదికి వచ్చిన వేళ ఎవరైనా నీళ్ళు పోసి త్రిత్వ నామం చెబితే చాలునని పూర్వాచారం. మంత్రసానులు ఎంతోకాలం ఆ పని చేశారు. 1604లో రాజు సమక్షంలో జరిగిన చర్చల తర్వాత దాన్ని పాదిరుల చేతిలోనే ఉంచేటట్టు గ్రంథాన్ని సవరించారు. అయినా పాత ఆచారం న్యాయస్థానాల్లో చావలేదు. పాదిరి కానివాడు ఇచ్చిన బాప్తిస్మం కూడా బాప్తిస్మమే, అలాంటి బిడ్డకు సమాధి ప్రార్థన నిరాకరించే హక్కు పాదిరికి లేదని 1809లో ఒక తీర్పు వచ్చింది. 1842లో ప్రీవీ కౌన్సిలు దాన్నే ఖాయం చేసింది. అక్కడితో అయిందా? పసిబిడ్డ నెత్తిమీద పడ్డ నీళ్ళు నిజంగా ఆత్మను మారుస్తాయా లేదా అని ఒక పాదిరికీ ఎక్సెటర్ బిషప్పుకూ వ్యాజ్యం నడిచి, 1850లో మళ్ళీ ఆ ప్రీవీ కౌన్సిలే, అలా మారుస్తాయని నమ్మకపోయినా పాదిరిగా ఉండవచ్చునని తేల్చింది. నీళ్ళు ఏంచేస్తాయో చర్చికే తెలియదు. లాయర్లు కూచుని చెప్పవలసివచ్చింది. కాని ఆ నీళ్ళు పడని బిడ్డను ఎక్కడ పాతాలో మాత్రం ప్రతి పాదిరికీ తెలుసు.

ఇప్పుడు టెస్ ఇంటికి వద్దాం. తండ్రి జాన్ డర్బీఫీల్డ్ చిల్లర సరుకులు బండిమీద తిప్పి అమ్ముకునేవాడు. తాను ప్రాచీన ప్రభువంశంవాడినని ఒక పాదిరి నోట విన్న దగ్గర్నుంచి అతడికి తిక్క పట్టింది. నిజానికి ఈ నవలలో అనర్థమంతా మొదలయింది కూడా ఒక పాదిరికున్న వంశచరిత్రల సరదా మూలంగానే. బండి గుర్రం చచ్చిపోవడంతో కూతుర్ని చుట్టరికం వెతుక్కుంటూ డబ్బున్న ఇంటికి పంపారు. ఆ ఇంటివాళ్ళు డర్బర్‌విల్ అన్న పేరును తమకు తగిలించుకున్న వ్యాపారులు. టెస్ అక్కడినుంచి కడుపుతో తిరిగివచ్చింది. బిడ్డ పుట్టాక, పంటకోతల కాలంలో, అందరితోపాటు చేలో పనలు కట్టింది. మధ్యాహ్నం అన్నాలవేళ తమ్ముడూ చెల్లెళ్ళూ పసివాణ్ణి తెస్తే, అందరిముందు పాలిచ్చింది. ఆ చేలోని ఆడవాళ్ళు ఆమెను ఏమీ అనలేదు. హార్డీ వాళ్ళను దేవతల్ని చేయలేదు. వాళ్ళు గుసగుసలు పోతారు, జాలీ పడతారు. కాని వాళ్ళలో ఎవ్వరూ పని మానుకొని ఆమెనుంచి దూరంగా జరగలేదు. కూలి సమాజానికి వెలివేసే తీరిక లేదన్న సంగతి ఈ నాలుగు పేజీలు చెప్పినంత బాగా చెప్పిన రచన నాకు తెలిసినంతలో అరుదు.

ఆ సాయంత్రమే బిడ్డకు జబ్బు ముదిరింది. అప్పుడు టెస్‌కు వాడికి బాప్తిస్మం కాలేదని గుర్తుకొస్తుంది. పాదిరిని పిలుస్తానంటే తండ్రి తలుపుకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాడు. తన ఉత్తమవంశం పరువు బయటపడకూడదు గదా! రాత్రి ఒంటిగంట వేళ ఆమెకు నరకం కళ్ళకు కట్టింది. సైతాను బిడ్డను మూడు మొనల పంగలకర్రతో అటూ ఇటూ విసురుతున్నాడు. ఆ కర్ర రొట్టెలు కాల్చేరోజు పొయ్యి దగ్గర వాడే కర్ర లాంటిదే. బీదపిల్లకు నరకాన్ని ఊహించుకోవడానికి కూడా వంటింటి సామానే కావలసివచ్చింది. ఆమె లేచి దీపం వెలిగించింది. తమ్ముణ్ణీ చెల్లెళ్ళనూ లేపి మొహం కడుక్కునే బల్లచుట్టూ మోకాళ్ళమీద కూచోబెట్టింది. ఒక చెల్లెలి చేత ప్రార్థనా గ్రంథం తెరిచి పట్టించింది. జగ్గులోంచి నీళ్ళు పోసింది. బిడ్డకు పెట్టిన పేరు ‘సారో’, శోకం అని. నిద్రకళ్ళ పిల్లలు సన్నని గొంతులతో ఆమెన్ అన్నారు. తెల్లవారుజామున వాడు చనిపోయాడు.

ఇక్కడ టెస్ చర్చిని ఎదిరించలేదు. అందులోనే ఉంది బలమంతా. ఆమె ప్రతి మాటా చర్చి పుస్తకంలోదే, ప్రతి కదలికా పాదిరిని చూసి నేర్చుకున్నదే. నరకం ఉందని ఆమె మనసారా నమ్ముతుంది. నమ్ముతూనే, పాదిరి ఒక్కడే తెరవగల తలుపును తాను తెరిచింది. తిరుగుబాటు చేస్తున్నానని తెలియని తిరుగుబాటు ఇది. రైతుల తిరుగుబాట్ల చరిత్ర చదివినవాళ్ళకు ఇది కొత్తగా తోచదు. దేవుడి పుస్తకాన్ని పట్టుకొనే దేవుడి మనుషులమీదికి వెళ్ళినవాళ్ళు జర్మనీలో 1525లో ఉన్నారు, ఇంగ్లండులో 1649లో ఉన్నారు.

తర్వాతి ఘట్టం ఇంకా గొప్పది. మర్నాడు టెస్ కొత్తగా వచ్చిన పాదిరిని కలుసుకుంటుంది. తాను చేసింది చెప్పి, మీరు చేసినదానితో ఇది సమానమేనా అని అడుగుతుంది. అతడి మనసులో మొదట లేచిన భావాన్ని హార్డీ దాచలేదు. తనను పిలిచి చేయించుకోవలసిన పనిని ఖాతాదార్లు తామే చేసుకొని చెడగొట్టారని తెలిసిన వృత్తిదారుడికి కలిగే చిరాకు అది. ఆ ఒక్క పోలికలో మతాధికారం ఒక వృత్తి గుత్తహక్కుగా బయటపడుతుంది. కాని పాదిరి దుర్మార్గుడు కాడు. ఆమె ముఖంలోని గాంభీర్యం, గొంతులోని ఆర్తి అతణ్ణి కదిలించాయి. అతడిలోని పాదిరీ మనిషీ పోట్లాడుకున్నారు, మనిషి గెలిచాడు. సమానమే అన్నాడు. అయితే వాడికి క్రైస్తవ సమాధి చేస్తారా అని ఆమె వెంటనే అడిగింది. ఇక్కడ మనిషి మళ్ళీ ఓడిపోయాడు. కొన్ని కారణాల చేత వీలుకాదన్నాడు. ఆ కారణాలేమిటో హార్డీ చెప్పడు. ఊళ్ళోవాళ్ళందరికీ తెలిసిన కారణాలే. నేనిక మీ చర్చికి రాను అన్నది టెస్. చివరకు, మీరు చేయకపోయినా వాడికి ఒకటేనా అని దీనంగా అడిగితే, ఒకటేనన్నాడు.

ఒకటే అయినప్పుడు చేస్తే ఏం పోయింది? ఈ ప్రశ్న హార్డీ వేయలేదు, వేయనక్కర్లేకుండా చేశాడు. పైన చెప్పిన తీర్పుల ప్రకారం చూస్తే ఆ పాదిరికి కాదనడానికి చట్టంలో ఆధారం లేదు. టెస్ నీళ్ళు పోసింది, నామం చెప్పింది. న్యాయస్థానం దృష్టిలో ఆ బిడ్డ క్రైస్తవుడే. కాని 1842 నాటి తీర్పు కూలిపిల్లకు తెలియదు, పాదిరి చెప్పడు. చట్టం బీదవాడి పక్షాన ఉన్న కొద్ది సందర్భాల్లో అది బీదవాడి చెవిన పడకపోవడం ఇంగ్లండుకు మాత్రమే పరిమితమైన వింత కాదు. చివరకు కాటికాపరికి ఒక షిల్లింగూ కాస్త బీరూ ముట్టజెప్పి, లాంతరు వెలుగులో, రాత్రివేళ, ముళ్ళూ దురదగొండీ మొలిచే మూలన బిడ్డను పాతిపెట్టారు. బాప్తిస్మం లేని పిల్లలకు, తాగుబోతులకు, ఆత్మహత్యలు చేసుకున్నవాళ్ళకు కేటాయించిన మూల అది. ప్రార్థనా గ్రంథంలోని ఒక వాక్యం నేలమీద ఒక మూలగా మారిన తీరు ఇది. టెస్ రెండు పుల్లలు దారంతో కట్టి శిలువచేసి గుచ్చింది. పూలు పెట్టిన జాడీ మీద మార్మలేడ్ కంపెనీ పేరు ఉంది.

హార్డీ అతిశయోక్తి చేశాడనుకునేవాళ్ళకోసం ఒక అసలు సంగతి చెబుతాను. 1878 ఆగస్టులో, సఫోక్ జిల్లా ఏకెనమ్ అనే చిన్న ఊళ్ళో ఒక వ్యవసాయ కూలీకి రెండేళ్ళ కొడుకు చనిపోయాడు. తల్లిదండ్రులు బాప్టిస్టులు కాబట్టి బిడ్డకు బాప్తిస్మం కాలేదు. ఊరి పాదిరి ప్రార్థన చదవనన్నాడు. వేరే శాఖకు చెందిన బోధకుణ్ణి పిలిపిస్తే, ఆయన చర్చి ఆవరణలో అడుగుపెట్టి మాట్లాడే వీల్లేదు గనక, బయట పచ్చికలో శవపేటికను ఆపి ప్రార్థన చేశాడు. పాదిరి అడ్డొచ్చాడు. శవాన్ని మధ్యలో పెట్టుకొని ఇద్దరు దైవసేవకులు వాదించుకున్నారు. పాదిరి తాళం వేసుకొని వెళ్ళిపోయాడు. ఈ సంగతిని ఒక స్థానిక దినపత్రిక ప్రచురిస్తే, పాదిరి సంపాదకుడిమీద పరువునష్టం దావా వేశాడు. 1879లో గెలిచాడు కూడా. న్యాయస్థానం అతడి పరువుకు కట్టిన ధర నలభై షిల్లింగులు. దేశమంతా అట్టుడికింది. 1880లో పార్లమెంటు కొత్త చట్టం చేసింది. నలభైఎనిమిది గంటల ముందు కాగితం రాసి ఇస్తే, ఇంగ్లండు చర్చి ప్రార్థన లేకుండానో, వేరే క్రైస్తవ ప్రార్థనతోనో, ఊరి సమాధుల దొడ్డిలో పాతిపెట్టుకోవచ్చు. ఆ చట్టాన్ని బిషప్పుల కరుణ తీసుకురాలేదు. ఏళ్ళ తరబడి సభలు పెట్టిన అసమ్మతి శాఖలవాళ్ళూ, ఓటుహక్కు పెరిగిన తర్వాత ఆ శాఖల ఓట్లకు విలువిచ్చిన లిబరల్ పార్టీ కలిసి తెచ్చారు.

క్రైస్తవ సాహిత్యంలో షరతుల్లేని కరుణ లేదా అంటే, ఉన్నది. విక్టర్ హ్యూగో 1862లో సృష్టించిన బిషప్పు మిరియెల్‌ను మనవాళ్ళు ఎరుగుదురు. 1950లో చిత్తూరు నాగయ్య నటించిన ‘బీదల పాట్లు’ చిత్రం ద్వారా చదువురానివాళ్ళు కూడా ఎరుగుదురు. విడుదలైన ఖైదీకి ఎవరూ తలుపు తీయని రాత్రి ఆయన తలుపు తీసి, పేరు అడక్కుండా, వెండిపళ్ళేల్లో అన్నం పెట్టాడు. దొంగిలించినవాణ్ణి పోలీసులు పట్టుకొస్తే దీపస్తంభాలు కూడా ఇచ్చాడు. గొప్ప ఘట్టమే. అయినా చివర్లో ఆ బిషప్పు, నీ ఆత్మను నేను కొని దేవుడికి ఇచ్చానంటాడు. ఆ మాటతో వెండికి రసీదు పుట్టింది. జాన్ వాల్జాన్ మిగిలిన జీవితమంతా ఆ రసీదు మోశాడు. హ్యూగోను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. ఆ రచయిత దయను ఒక మహానుభావుడి గుణంగా చూశాడు. హార్డీ మాత్రం దయ ఎవరిదాకా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది అని కొలిచాడు.

ఆ కొలత టెస్ అత్తవారి ఊళ్ళో కనిపిస్తుంది. భర్త ఏంజెల్ క్లేర్ మతం వదిలేసిన చదువుకున్న యువకుడు. మొదటిరాత్రి తన పాత తప్పు చెప్పుకుంటే టెస్ క్షమించింది. అదే నోటితో ఆమె తన కథ చెబితే అతడు క్షమించలేకపోయాడు. దేవుణ్ణి వదిలినవాడు పాదిరి ఇంటి పరువును వదలలేదు. మన విద్యార్థులు ఈ పాత్రను కాస్త జాగ్రత్తగా చదవాలి. మూఢనమ్మకం పోయినంత మాత్రాన మనిషి మారడనే సంగతి మనలో చాలామందికి ఇంకా రుచించదు. అతడి తండ్రి పాతకాలపు పాదిరి, ఛాందసుడు, కాని దిక్కులేనివాళ్ళంటే ప్రాణమిచ్చే మనిషి. కష్టాల్లో ఉన్న టెస్ సాయంకోసం పదిహేను మైళ్ళు నడిచి ఆ ఊరు వెళ్ళింది. నడక బూట్లు ఊరిబయట పొదలో దాచి, మంచి చెప్పులు తొడుక్కుంది. ఇంటి తలుపు తట్టింది, ఎవరూ లేరు. తిరిగి వస్తుంటే మరుదులూ, వాళ్ళతో ఉన్న మెర్సీ అనే యువతీ ఆ బూట్లు చూశారు. ఎవరో మోసగత్తె పెట్టి పోయిందని అనుకొని, ఎవరైనా బీదవాళ్ళకు ఇవ్వవచ్చునని మెర్సీ వాటిని తీసుకెళ్ళింది. మెర్సీ అంటే కరుణ. బూట్లు పోగొట్టుకున్న బీదమనిషి పక్కనే నిలబడి వింటున్నది. ఆమె వెనక్కు తిరిగిపోయింది. ఆ ముసలి దంపతులు ఇంట్లో ఉండి ఉంటే ఆమెను కౌగిలించుకునేవారేనని హార్డీ చెబుతాడు. పాపులూ పతితులూ అయితే వాళ్ళ హృదయం పరుగెత్తి వచ్చేది. మామూలు కష్టాలు పడే మామూలు మనిషిని మాత్రం వాళ్ళు గమనించేవాళ్ళు కాదు. దయ పొందాలంటే పూర్తిగా పతనమై ఉండాలి. అదే ఆ దయకున్న షరతు.

నీళ్ళకు ఎంత శక్తి ఉందో నిర్ణయించే అధికారం ఎవరిదన్న ప్రశ్న ఇంగ్లండు పొలిమేరలు దాటి ఆ దేశస్థులు వెళ్ళిన ప్రతిచోటికీ వెళ్ళింది. అమెరికాలోని వర్జీనియా వలసలో బానిసల యజమానులకు ఒక సందేహం పట్టుకుంది. బానిసకు బాప్తిస్మం ఇస్తే, తోటి క్రైస్తవుణ్ణి బానిసగా ఉంచుకోవడం కుదురుతుందా? 1667లో అక్కడి శాసనసభ ఆ సందేహం తీర్చింది. బాప్తిస్మం వల్ల మనిషి బానిసత్వంలో మార్పేమీ రాదని చట్టం చేసింది. ఇక నిశ్చింతగా బానిసలకు సువార్త చెప్పుకోవచ్చునని ఆ చట్టంలోనే రాసుకున్నారు. ఏకెనమ్‌లో నీళ్ళు పడకపోతే సమాధి లేదు. వర్జీనియాలో నీళ్ళు పడినా సంకెళ్ళు పోవు. నీళ్ళు ఒకటే. ఒకచోట వాటికి సర్వశక్తి, మరొకచోట శూన్యశక్తి. రెండు లెక్కల్లోనూ నష్టం ఒకే తరగతికి వచ్చింది.

మన దేశంలో ఈ లెక్కను కథగా మొదట రాసినవాళ్ళలో ఒకరు కొట్టాయం సి.ఎం.ఎస్. కళాశాల ప్రిన్సిపాల్ భార్య, మిసెస్ కాలిన్స్. 1860ల్లో ఆమె ఇంగ్లీషులో రాసిన కథ 1877లో ‘ఘాతకవధం’ పేరుతో మలయాళంలో వచ్చింది. తిరువాన్కూరులో 1855లో బానిసత్వం కాగితంమీద రద్దయింది, పొలంలో రద్దు కాలేదు. కథలోని భూస్వామి బ్రాహ్మణుడు కాడు, తరతరాల సిరియన్ క్రైస్తవుడు. అతడి పొలంలోని పులయ కూలీ కొత్తగా క్రైస్తవంలో చేరి, ఆదివారం పని చేయనంటాడు. భూస్వామి కోపంతో కొట్టిన దెబ్బ ఆ కూలీ మనుమడికి తగిలి బిడ్డ చనిపోతాడు. బాప్తిస్మం పొందిన యజమాని, బాప్తిస్మం పొందిన కూలీ బిడ్డను చంపాడు. ఇంత నిజాన్ని ఒక దొరసాని అచ్చులో పెట్టడం సామాన్యం కాదు. తర్వాత కథ మెత్తబడిపోతుంది. ముసలి కూలీ క్షమిస్తాడు, ఆ క్షమ భూస్వామిని లోపల చంపి మంచివాణ్ణి చేస్తుంది; కథ పేరులోని వధ అదే. టెస్ విషయంలోనూ అంతే గదా: షరతుల్లేని కరుణ చూపవలసిన బాధ్యత, అన్నీ పోగొట్టుకున్న మనిషిమీదే పడింది. తేడా ఏమిటంటే, మిసెస్ కాలిన్స్ దాన్ని పరిష్కారం అనుకుంది. హార్డీ దాన్ని అన్యాయం అనుకున్నాడు.

ఆదివారం సంగతి మనకు దగ్గరిది. ఒంగోలు ప్రాంతంలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దగ్గర చేరిన మాదిగలకు పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఇవి మతనియమాలే. కాని ఊరి ఆసామికి అవి ఎలా వినిపించి ఉంటాయో ఆలోచించండి. వారానికొక రోజు వెట్టి లేదు, జాతరలో డప్పు లేదు. ‘ఘాతకవధం’లో బిడ్డ ప్రాణం తీసిన తగాదా ఇక్కడ ఊరూరా నడిచింది. మతం మత్తుమందు అన్న ఒక్కమాట పట్టుకొని ఈ చరిత్రను పక్కకు నెట్టేవాళ్ళు, 1844లో మార్క్స్ ఆ మాటకు ముందు రాసిన వాక్యాలు మరొకసారి చదువుకోవడం మంచిది. వారపు సెలవును మాదిగపల్లె మొదట కార్మికహక్కుగా కాదు, దేవుడి ఆజ్ఞగా అడిగింది.

ఈ క్లౌ విషయంలో మరొకటి చెప్పుకోవాలి. 1876–78 కరువులో అతడు బకింగ్‌హామ్ కాలవలో కొంతభాగం తవ్వకానికి కాంట్రాక్టు తీసుకొని వేలమందికి పని చూపించాడు. కరువు సాగినంతకాలం, అడిగినా బాప్తిస్మం ఇవ్వలేదు. గంజికోసం వచ్చారన్న మాట పడకూడదని. కూలి ముందు, నీళ్ళు తర్వాత. ఒకదానికి ఇంకొకటి షరతు కాదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఏకెనమ్‌లో కూలీ బిడ్డకు గోతి దగ్గర తగాదా జరిగింది సరిగ్గా ఆ తర్వాతి నెలలోనే. ఆ 2,222 మందికీ ఆ పూట దొరికినది ఏమిటో మిషనరీ నివేదికలనుంచి కన్న, వాళ్ళ మనుమలు చదువుకున్న బడులనుంచి బాగా తెలుస్తుంది. దొరకనిది ఏమిటో ఆ ఊళ్ళలో పల్లె ఎక్కడుందో, బావి ఎక్కడుందో చూస్తే తెలుస్తుంది.

నీళ్ళు వాళ్ళ కులాన్ని కడగలేదు. కాని 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు, హిందూమతం కానివారు షెడ్యూల్డు కులాల్లోకి రారని చెప్పింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ సవరణలతో చేర్చుకున్నారు, క్రైస్తవులను చేర్చలేదు. వర్జీనియా సభ నీళ్ళకు శక్తి లేదన్నది. ఢిల్లీ ఉత్తర్వు ఉన్నదన్నది, మనిషి అవమానాన్ని పోగొట్టే శక్తి కాదు, అవమానానికి ఇచ్చే పరిహారాన్ని పోగొట్టే శక్తి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ముందుకు పుదుచ్చేరి యువతి ఒకామె వచ్చింది. గుమాస్తా ఉద్యోగానికి షెడ్యూల్డు కులపు సర్టిఫికెట్ అడిగింది, తాను హిందువునేనన్నది. చర్చి రిజిస్టరులో ఆమె బాప్తిస్మం నమోదై ఉంది, ఆమె చర్చికి వెళుతూ ఉంటుందన్న సాక్ష్యమూ ఉంది. న్యాయస్థానం ఆమె కోరికను తిరస్కరించింది. రిజిస్టరులో రాసిన ఆ బాప్తిస్మం నాటికి ఆమె ఇంకా చేతుల్లోని పసిబిడ్డ.